పండులో పేదవాడి వాటా

(గ్రామీణ విలేకరి)

పొద్దు వాలింది. ఊరి మసీదు అరుగు మీద పరిచిన చాపల చుట్టూ ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున సహరీ వేళ తిన్న తిండే. ఆ తరువాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎదురుగా పళ్ళేల్లో ఖర్జూరాలు, కోసిన పుచ్చకాయ, జామ ముక్కలు, చీనీ తొనలు. ఎవరూ చెయ్యి చాచడం లేదు. అజాన్ వినబడగానే ఒక్కొక్కరు ఒక్కో ఖర్జూరం తీసి, దైవనామం తలచుకుని నోట్లో వేసుకున్నారు.

ఆ రోజు చీనీకాయలు తెచ్చింది ముస్లిం కాదు, పక్క వీధి రైతు. రంజాన్ నెలలో ఒక రోజు తన తోట కాయలు మసీదుకు పంపడం ఆయనకు తండ్రి నాటి నుంచి వచ్చిన అలవాటు. ఇఫ్తార్ అయ్యాక ఆయన ఇమాం సాబును ఒక మాట అడిగారు. "సాబూ, మీ మతంలో తోట పండితే పదో వంతు పేదలకు తీయాలంటారు, నిజమేనా?"

"వానకు పండితే పదో వంతు. బోరు వేసి, నీళ్ళు పెట్టి పండించినవాడికి ఇరవయ్యో వంతేనన్నా" అన్నారు ఇమాం సాబు.

రైతు ఆశ్చర్యపోయారు. "అంటే మా బోరు కష్టం దేవుడికి కూడా తెలుసన్నమాట!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. కానీ ఆ మాటలో చాలా సంగతి ఉంది. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే అనంతపురం వంటి కరువు సీమలో పండు అంటే ఏమిటో, దాని వెనక ఎంత చెమట ఉందో రైతుకే తెలుసు. ఇస్లాంలో పండుకున్న స్థానం తెలుసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పండు దేవుడిచ్చింది. తినేవాడికి ఆరోగ్యం. లేనివాడికి అందులో హక్కు. ఈ మూడూ కలిస్తేనే అర్థం పూర్తవుతుంది.

ఖర్జూరమే ఎందుకు?

మహమ్మద్ ప్రవక్త ఉపవాసాన్ని తాజా ఖర్జూరాలతో విరమించేవారనీ, అవి లేకపోతే ఎండినవాటితోననీ, అవీ లేకపోతే నాలుగు గుక్కల నీళ్ళతోననీ హదీసులు చెబుతున్నాయి. అంటే ఖర్జూరం దొరకలేదని ఎవరూ బాధపడనక్కర లేదు. నీళ్ళు చాలు. రంజాన్ పండుగ ఉదయం కూడా ప్రవక్త నమాజుకు వెళ్ళేముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినేవారు. మన ఊళ్ళలో నిఖా అయిన వెంటనే ఎండు ఖర్జూరాలు పంచడం అందరూ చూసినదే.

పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఖర్జూరం త్వరగా శక్తినిస్తుంది. 100 గ్రాముల ఖర్జూరంలో సుమారు 280 కేలరీల శక్తి, 60 గ్రాములకు పైగా చక్కెరలు, 7 గ్రాముల దాకా పీచు ఉంటాయి. ఆ చక్కెర చాలావరకు సులభంగా ఒంటికి పట్టే రకం. నరాలకు, కండరాలకు అవసరమైన పొటాషియం కూడా దండిగా ఉంటుంది. ఎడారిలో ఒంటె మీద పోయే బాటసారికి చెడిపోని తిండిగా ఖర్జూరం ఎలా నిలిచిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. మా వీధిలో ఒక పెద్దాయనకు షుగరు జబ్బు. "ప్రవక్త తిన్న పండు, కీడు చేస్తుందా?" అంటూ ఇఫ్తార్‌లో ఏడెనిమిది తినేవారు. నాలుగో రోజుకే కళ్ళు తిరిగి పడిపోయారు. డాక్టరు మందలించి, ఒకటితో సరిపెట్టుకొమ్మన్నారు. షుగరు ఉన్నవారు ఒకటి, మహా అయితే రెండు తినాలి. అదీ డాక్టరును అడిగి తినాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ఎక్కువైతే ప్రమాదం. అసలు రోగికీ, ప్రయాణికుడికీ ఉపవాసం నుంచి ఖురానే మినహాయింపు ఇచ్చింది. వారు ఆ రోజులను తరువాత తీర్చుకోవచ్చు. తీర్చుకునే శక్తి కూడా లేనివారు ఒక్కో ఉపవాసానికి బదులు ఒక పేదకు అన్నం పెడితే సరిపోతుందని పెద్దలు చెబుతారు. మందు మానేసి మొండిగా ఉపవాసం ఉండాలని ధర్మం ఎక్కడా కోరలేదు.

అన్ని రుతువుల పండ్లకూ రంజాన్

చాంద్రమానం ప్రకారం రంజాన్ నెల ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. సుమారు 33 ఏళ్ళలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. 1983లో జూన్ నెలలో మొదలైన రంజాన్ మళ్ళీ 2016లో జూన్ నెలలోనే మొదలైంది. అందువల్ల ఒక తరంలో మామిడి రోజుల ఇఫ్తారూ వస్తుంది, రేగుపండ్ల రోజుల ఇఫ్తారూ వస్తుంది. ఖర్జూరం ఎప్పుడూ ఉన్నా, దాని పక్కన మన నేల పండు మారుతూ ఉంటుంది. దూరదేశపు ఖరీదైన పండే కావాలని లేదు. ఆ రోజుల్లో ఊళ్ళో ఏ పండు చవకో అదే మంచి పండు.

మన గట్ల మీద ఈతచెట్టు ఖర్జూరపు చెట్టుకు స్వయానా చుట్టం. ఒకే జాతి. మన దేశంలో ఖర్జూరం సాగుకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతం పేరుపడింది. అనంతపురం జిల్లాలోనూ కొందరు రైతులు ఖర్జూరం మొక్కలు నాటి చూస్తున్నారు.

ఖురాన్‌లో పండ్లు

ఖురాన్‌లో ఖర్జూరం ప్రస్తావన 20 చోట్ల దాకా వస్తుంది. ద్రాక్ష, దానిమ్మ, ఆలివ్, అత్తి కూడా కనబడతాయి. 95వ అధ్యాయానికి అత్తి పేరే ఉంది. దేవుడు అత్తి మీద, ఆలివ్ మీద ప్రమాణం చేయడంతో అది మొదలవుతుంది. స్వర్గాన్ని వర్ణించే చోట ముళ్ళు లేని రేగుచెట్లు ఉంటాయని ఉంది. అదేచోట గెలలు గెలలుగా కాసే చెట్టు అన్నది అరటి అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పారు.

రేగు సంగతి మన ఊళ్ళలో ముస్లిం కుటుంబాలకు మరో విధంగానూ తెలుసు. ఎవరైనా చనిపోతే రేగాకు వేసి కాచిన నీళ్ళతో ఆఖరి స్నానం చేయిస్తారు. ఇది ప్రవక్త చెప్పిన పద్ధతే. అరబ్బు దేశపు రేగు మన రేగుకు దగ్గరి చుట్టం. కంచె మీద ముళ్ళచెట్టని మనం చిన్నచూపు చూసే రేగు, బతికినన్నాళ్ళూ పండు ఇచ్చి, పోయినప్పుడు ఆకు ఇస్తుంది.

ఈసా ప్రవక్త తల్లి మరియం కథ ముస్లింలకూ, క్రైస్తవులకూ కూడా ప్రియమైనది. ఖురాన్ చెప్పే ప్రకారం ఆమె పురిటినొప్పులతో ఒంటరిగా ఒక ఖర్జూరపు చెట్టు మొదట్లో చేరింది. చచ్చిపోయినా బాగుండేదనుకుని కుమిలిపోయింది. అప్పుడు ఆ చెట్టు మొదలు ఊపమనీ, తాజా పండ్లు రాలతాయనీ, తిని, తాగి, మనసు కుదుటపరచుకోమనీ ఆమెకు వినిపించింది. జోర్డాన్ దేశంలో వైద్యులు కాన్పుకు ముందు 4 వారాలపాటు రోజుకు 6 ఖర్జూరాలు తిన్న 69 మంది గర్భిణులను, తినని 45 మందితో పోల్చి చూశారు. తిన్నవారికి నొప్పులు వాటంతట అవే మొదలవడం ఎక్కువగా కనబడిందని 2011లో ప్రకటించారు. అది చిన్న పరిశీలన. దాన్ని నమ్ముకుని ఆసుపత్రి మానకూడదు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లులు డాక్టరు చెప్పకుండా తినకూడదు. కానీ కష్టంలో ఉన్న ఆడబిడ్డకు ఒక పండు, ఒక గుక్క నీళ్ళు, ఒక ధైర్యపు మాట కావాలన్న నీతి మాత్రం ఏ కాలానికైనా చెల్లుతుంది.

వేడి, చలవ

మన అవ్వలు "మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ తాగు" అంటారు. ఇలాంటి మాట అరబ్బు దేశంలోనూ ఉండేది. ప్రవక్త పుచ్చకాయను తాజా ఖర్జూరంతో కలిపి తినేవారనీ, దీని వేడిని దాని చలవతో విరుస్తామనేవారనీ హదీసుల్లో ఉంది. దోసకాయను ఖర్జూరంతో కలిపి తినడం కూడా ఉంది. నేటి లెక్కలో చూసినా పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. ఎండిన గొంతుకు, ఎండిన ఒంటికి అది మంచి జోడి.

ఊళ్ళో దొరికే మిగతా పండ్ల సంగతీ తెలుసుకోవాలి. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల దాకా సి విటమిను ఉంటుంది. చీనీ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ధర చూస్తే తక్కువ. ఎండిన అత్తిపండులో పీచు మెండు. మలబద్ధకం ఉన్నవారికి మేలు. దానిమ్మ తింటే రక్తం పడుతుందని అందరూ అంటారు. నిజానికి 100 గ్రాముల దానిమ్మలో ఇనుము అర మిల్లీగ్రాము కూడా లేదు. దానిమ్మ మంచి పండే. కానీ రక్తహీనత ఉన్న ఆడపిల్లకు ఆకుకూర, పప్పు, వీలైతే మాంసం పెట్టి, వాటితోపాటు జామో, చీనీయో, నిమ్మరసమో ఇస్తే కూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

రసం తీసి, చక్కెర కలిపి తాగడం కంటే పండును పండుగానే తినడం మేలు. రసంలో పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. పెద్దవాళ్ళు రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అలాగని కడుపు పగిలేలా తినమని కాదు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు గాలికి వదలాలని ప్రవక్త బోధ. ఇఫ్తార్ పేరుతో నూనెలో వేగినవి బొజ్జనిండా తిని రాత్రంతా ఆయాసపడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తోట యజమానుల కథ

పండు ఆరోగ్యమే. కానీ తానొక్కడే తింటే? ఖురాన్ 68వ అధ్యాయంలో దీనికి జవాబుగా ఒక కథ ఉంది. కొందరికి ఒక తోట ఉంది. అది యెమెన్ దేశంలోనిదని కొందరు వ్యాఖ్యాతలు రాశారు. తండ్రి బతికి ఉండగా కోతనాడు పేదలు వచ్చి తమ పాలు తీసుకుపోయేవారట. తండ్రి పోయాక కొడుకులకు ఆశ పుట్టింది. పేదలు నిద్ర లేవకముందే తెల్లవారుజామున కాయ కోసేయాలని ఒట్టు పెట్టుకున్నారు. దేవుడు తలిస్తే అన్న మాట కూడా అనుకోలేదు. రాత్రి వారు నిద్రలో ఉండగానే తోట మీద విపత్తు విరుచుకుపడింది. ఈనాడు ఒక్క పేదవాడూ లోపలికి రాకూడదని గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. తోట మాడి మసై ఉంది. మొదట దారి తప్పామనుకున్నారు. తరువాత నష్టపోయామని తెలిసింది. వారిలో మధ్యస్థంగా ఆలోచించేవాడు, ముందే చెప్పాను కదా అన్నాడు. ఒకరినొకరు నిందించుకుని, చివరకు తప్పు ఒప్పుకున్నారు.

వడగళ్ళవాన పడి రాత్రికి రాత్రే తోట నేలపాలు కావడం చూసిన రైతుకు ఈ కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. విపత్తు వచ్చిన ప్రతి రైతూ పాపం చేసినవాడని దీని అర్థం కాదు. పండు చేతికొచ్చేదాకా అది మనది కాదనీ, వచ్చాక మనదొక్కటే కాదనీ దీని సారం.

మదీనాలో పది వస్కుల ఖర్జూరం దింపినవారు ఒక గెల తెచ్చి పేదల కోసం మసీదులో వేలాడదీయాలన్న ఏర్పాటు ఉండేది. ఒక వస్కు సుమారు 130 కిలోలు. ఆకలిగొన్నవాడు ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా తెంపుకుని తినేవాడు. దారిన పోయేవాడు ఆకలికి తోటలో నాలుగు పండ్లు తింటే తప్పు లేదనీ, మూట కట్టుకుపోతే తప్పనీ కూడా హదీసుల్లో ఉంది. తింటే పుణ్యం, మోస్తే దొంగతనం అని మన పల్లెల్లోనూ అంటారు కదా!

వానకు పదో వంతు, బోరుకు ఇరవయ్యో వంతు

కోతనాడే పంట హక్కు చెల్లించాలని ఖురాన్ 6వ అధ్యాయం ఆదేశిస్తుంది. ఖర్జూరం, దానిమ్మ, ఆలివ్ తోటల పేర్లు అక్కడ ఉన్నాయి. ఈ వాటాకు ఉష్ర్ అని పేరు. అంటే పదో వంతు. వాననీటికి, వాగునీటికి పండితే పదో వంతు. కష్టపడి నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు.

లెక్క సులభం. వర్షాధారపు మామిడి 10 టన్నులు కాస్తే 1 టన్ను. బోరు కింద చీనీ 10 టన్నులు కాస్తే అర టన్ను. 1,400 ఏళ్ళ కిందటే నీళ్ళ ఖర్చును లెక్కలోకి తీసుకున్న ఈ పద్ధతి మెట్టరైతుకు నచ్చుతుంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతికి మూలపురుషుడైన అబూ హనీఫా కాసిన ప్రతి పండుకూ ఈ వాటా వర్తిస్తుందన్నారు. మిగతా పండితులు నిలవ ఉండే ఖర్జూరం, ఎండుద్రాక్ష వంటివాటికే, అదీ 5 వస్కులు, అంటే సుమారు 650 కిలోలు దాటితేనే అన్నారు. మన దేశపు భూములకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపైనా పండితుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. తోట ఉన్న ముస్లిం రైతులు తమ ఊరి మౌల్వీని అడిగి తెలుసుకోవడం మంచిది. పుచ్చిన కాయలు ఏరి పేదలకు పంపడం మాత్రం ఎవరి లెక్కలోనూ దానం కాదు. తాను కళ్ళు మూసుకుని తప్ప తీసుకోని సరుకును ఇతరులకు ఇవ్వవద్దని ఖురాన్ హెచ్చరిస్తుంది.

పూత మీద బేరం వద్దు

పండ్ల వ్యాపారం గురించి ఇస్లాం చెప్పింది వింటే మన తోటల రైతులకు మరీ దగ్గరగా తోస్తుంది. మదీనాలో కాయ పక్వానికి రాకముందే తోట అమ్మేవారు. కోత వేళకు తెగులు తగిలిందనీ, కాయ రాలిందనీ కొన్నవాడు తగవుకు వచ్చేవాడు. ఇలాంటి తగాదాలు పెరగడంతో పండు పక్వానికి వచ్చినట్టు తేలేదాకా, ఖర్జూరమైతే ఎరుపో పసుపో తిరిగేదాకా అమ్మవద్దని ప్రవక్త కట్టడి చేశారు. దేవుడు కాయ రానివ్వకపోతే సాటివాడి సొమ్ము ఏ న్యాయాన తీసుకుంటారని అడిగారు.

మన దగ్గర మామిడితోట పూత మీద ఉండగానే బేరం కుదిరిపోతుంది. పెళ్ళి ఖర్చుకో, బోరు అప్పుకో రైతు బయానా తీసుకుంటాడు. కాపు బాగా వస్తే రైతు ఏడుస్తాడు, రాకపోతే వ్యాపారి ఏడుస్తాడు. ఇద్దరిలో ఒకరు ఏడ్చే బేరం మంచి బేరం కాదన్నదే ఈ కట్టడిలోని న్యాయం. కొన్నాక విపత్తుతో కాయ పోతే కొన్నవాడి మీద ఆ భారం తగ్గించాలన్న బోధ కూడా ఉంది.

తూకం సంగతీ అంతే. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని 83వ అధ్యాయం మొదలవుతుంది. చీనీ అమ్మినప్పుడు సూటు పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని అదనంగా గుంజేవారు, కార్బైడు పొట్లం పెట్టి పచ్చికాయకు పసుపురంగు తెప్పించేవారు, ఏ మతంవారైనా సరే, ఈ మాట వినాలి. కార్బైడుతో పండ్లు మాగబెట్టడం మన చట్టం ప్రకారం నేరం కూడా. దానివల్ల గొంతు మంట, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఆరోగ్యం కోసం కొన్న పండు అనారోగ్యం తెస్తే ఆ పాపం ఎవరిది?

నాటినవాడి పుణ్యం

చెట్టు నాటినవాడికి, దాని పండు మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా దానం చేసిన పుణ్యమేనని ప్రవక్త బోధ. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్నారు. ప్రవక్త తరువాత పాలనకు వచ్చిన అబూ బకర్ సైన్యాన్ని పంపుతూ పండ్లచెట్లు నరకవద్దని ఆజ్ఞాపించారు. శత్రువు చెట్టయినా చెట్టే. నాటినవాడు తినకపోయినా మనవడు తింటాడని చింతచెట్టు నాటే మన తాతల ధర్మమూ ఇదే.

మదీనాలో మరో ముచ్చటైన ఆచారం ఉండేది. ఆ ఏటి తొలి పండు కనబడగానే జనం దాన్ని ప్రవక్త వద్దకు తెచ్చేవారు. ఆయన ఊరి పంటలో బరకత్ ఉండాలని ప్రార్థించి, ఆ పండును అక్కడున్న వారిలో అందరికంటే చిన్నబిడ్డకు ఇచ్చేవారు. పెద్దలకు కాదు, ధనవంతులకు కాదు.

ఆ రోజు మసీదు అరుగు మీద ఇమాం సాబు ఈ ముచ్చట చెప్పి ముగించారు. చీనీలు తెచ్చిన రైతు వింటూ కూర్చున్నారు. కాసేపటికి లేచి, తువ్వాలు దులుపుకుని, "ఈసారి కోతకు ముందు అంగన్‌వాడీకి ఒక బుట్ట పంపుతాను సాబూ. ఇరవయ్యో వంతుకు నా లెక్క అక్కడి నుంచి మొదలు" అన్నారు.

తోట ఉన్న ప్రతివారూ కోతనాడు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే, మన పల్లెల్లో పండు రుచి తెలియని పిల్లలు ఉండరు.